పాట తెలిసిన మృదంగం – పాల్ఘాట్ మణి అయ్యర్ జీవితం



విజయదశమి అనగానే మన ఇళ్ళలో అక్షరాభ్యాసం గుర్తుకు వస్తుంది. పుస్తకాలూ పలకలూ, వీణలూ మృదంగాలూ అమ్మవారి ముందు పెట్టి, మరునాడు కొత్త పాఠం మొదలుపెట్టడం మన పెద్దలు నేర్పిన ఆచారం. దేశం కాని దేశంలో ఉన్నా ఈ ఆచారాన్ని మనం వదల్లేదు. అందుకే ఈ పండుగ సంచికలో మృదంగం అనే మాటకే మారుపేరుగా నిలిచిన పాల్ఘాట్ మణి అయ్యర్ గారి జీవితాన్ని పిల్లలకూ పెద్దలకూ పరిచయం చేద్దామనుకున్నాం.

ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. రియాద్, జెద్దా, దమ్మామ్, జుబైల్ పట్టణాల్లో మన పిల్లలు కొందరు మృదంగం నేర్చుకుంటున్నారు. గురువు గారు విజయవాడలోనో చెన్నైలోనో ఉంటారు, పాఠం ఇంటర్నెట్ మీద సాగుతుంది. అక్కడ సాయంత్రం ఆరు గంటలైతే ఇక్కడ మూడున్నర. బడి నుంచి వచ్చి, ఇంత తిని, మృదంగం ముందు కూర్చోవాలి. పిల్లల శ్రద్ధనూ, ఆ వేళకు ఇంట్లో నిశ్శబ్దం ఉండేలా చూసే తల్లుల ఓపికనూ మెచ్చుకోవలసిందే.

అయితే ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఇంటర్నెట్ మీద శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. గురువు వాయించి ఆపితే శిష్యుడు తిరిగి వాయించవచ్చు. కానీ ఒకరు పాడుతుంటే రెండో చివర ఉన్నవారు అదే క్షణంలో దానికి వాయించడం కుదరదు. కాబట్టి జతులు, ముక్తాయింపులు చక్కగా వస్తాయి, పాటకు వాయించడం మాత్రం వెనకబడిపోతుంది. ఇంట్లో పూజ జరిగి, నాలుగు కుటుంబాలు కూడిన చోట ఒక అత్తయ్య గారు త్యాగరాజ కీర్తన అందుకుంటారు. పది నిమిషాల తని ఆవర్తనం తడుముకోకుండా వాయించగల పిల్లవాడు ఎక్కడ అందుకోవాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఇలాంటివి మనందరం చూస్తూనే ఉన్నాం. తప్పు పిల్లవాడిది కాదు. వాడికి లెక్క వచ్చు, పాట రాదు.

పాట ముందు, దరువు తరువాత అన్న సంగతి మనం ఉంటున్న ఈ నేలకూ కొత్త కాదు. సెప్టెంబరు 23న సౌదీ జాతీయ దినోత్సవం నాడు మనవాళ్ళు ఎంతోమంది నజ్ద్ ప్రాంతపు అర్దా చూసే ఉంటారు. కత్తులు పట్టిన మగవారు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడి, ఒక వరుస పద్యపాదం పాడితే రెండో వరుస అందుకుంటుంది. చిన్నా పెద్దా డప్పులు ఆ పద్యం నడకనే పట్టుకుని మోగుతాయి. 2015లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. ఆ డప్పు వాయించేవారి చేతికి పద్యం ఎంత తెలిసి ఉండాలో, మన కచేరీలో మృదంగం ముందు కూర్చున్నవారికి కీర్తన అంత తెలిసి ఉండాలి. ఈ సత్యాన్ని ఒక జీవితకాలం పాటు చేసి చూపించిన వారు మణి అయ్యర్ గారు.

ఆయన 1912 జూన్ 12న కేరళలోని పాలక్కాడు ప్రాంతంలో జన్మించారు. ఇంగ్లీషువారి కాలంలో ఆ ఊరిని పాల్ఘాట్ అనేవారు, ఆ పేరే ఆయనకు ఇంటిపేరులా స్థిరపడింది. తండ్రి శేషం భాగవతార్ గాయకులు. అంటే ఆ పిల్లవాడి చెవిన మృదంగం నాదంతో పాటు పాట కూడా మొదటినుంచీ పడుతూనే ఉంది. చాత్తపురం సుబ్బయ్యర్ గారి వద్ద తొలి పాఠాలు సాగాయి. తరువాత తంజావూరు వైద్యనాథ అయ్యర్ గారి దగ్గర శిష్యరికం చేసి విద్యకు మెరుగు పెట్టుకున్నారు. గురువు ఇంట్లో ఉండి, గురువు కచేరీలు వింటూ, ఆయన చేతిని చూస్తూ నేర్చుకునే రోజులవి.

పాలక్కాడు దగ్గరి వారే అయిన చెంబై వైద్యనాథ భాగవతార్ గారు ఈ కుర్రవాడిలోని ప్రతిభను తొందరగా గుర్తించి తన కచేరీలలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. మీసాలు కూడా సరిగా రాని వయసులో మద్రాసు సభల్లో పెద్దల సరసన వాయించే అవకాశం ఆ విధంగా దక్కింది. చెంబై వారి గాత్రం, మైసూరు చౌడయ్య గారి వయొలిన్, మణి అయ్యర్ గారి మృదంగం కలిసిన కచేరీ అంటే ఆ రోజుల్లో జనం విరగబడేవారు. ఆ తరువాత అరియక్కుడి రామానుజ అయ్యంగార్ వంటి ఉద్దండులెందరికో ఆయన పక్కవాద్యం అందించారు.

ఆయన గొప్పతనం ఎక్కడుంది? వేగంలో, లెక్కల్లో ఆయనకు సాటి వచ్చేవారు తక్కువే. కానీ సంగీతం తెలిసినవారు ఆయన్ను తలచుకునేటప్పుడు ముందుగా చెప్పేది పాటకు వాయించిన తీరు గురించి. పల్లవి ఎత్తుకున్నప్పుడు ఒక రకంగా, అనుపల్లవిలో గొంతు పైకి వెళ్ళినప్పుడు మరో రకంగా, చరణంలో సాహిత్యం నెమ్మదించినప్పుడు ఇంకో రకంగా ఆయన చేయి మారేది. గాయకుడు సంగతి మీద సంగతి వేస్తుంటే మృదంగం కూడా మెట్టు మెట్టుగా నిండుకునేది. అవసరమైన చోట చేయి ఆపి ఊరుకోవడం కూడా ఆయన వాదనలో భాగమే. మాట వినబడవలసిన చోట మృదంగం తగ్గడం అనేది పాట తెలియనివారికి సాధ్యపడదు.

ఇక్కడ మన తెలుగువారు గర్వించవలసిన సంగతి ఒకటుంది. ఆయన ఇంటి భాష తమిళం, పెరిగింది మలయాళ దేశంలో. అయినా జీవితమంతా ఆయన చేతులు వెంటాడిన పాటల్లో ఎక్కువ భాగం తెలుగు పాటలు. త్యాగరాజ స్వామి కీర్తనలు లేని కచేరీ దక్షిణాదిలో అరుదు కదా! తెలుగు మాట ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ సాగుతుందో తెలియకుండా ఆ కీర్తనలకు అంత నిండుగా వాయించడం కుదిరే పని కాదు. మాతృభాష కాని పాటకు ఆయన అంత దగ్గరగా వెళ్ళారు. మాతృభాషే అయిన మన పిల్లలకు అది దూరం కాకూడదు.

పాట తెలియడం అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పిల్లలు పక్కన కూర్చుని చేత్తో తాళం వేసుకుంటూ చదివితే బాగా అర్థమవుతుంది. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. ఒక్కో దెబ్బను నాలుగు మాత్రలుగా విడదీస్తే ఒక ఆవర్తనానికి 32 మాత్రలు. హంసనాదంలోని బంటురీతి కీర్తన తాళం మొదటి దెబ్బ మీద ఎత్తుకోదు, ఒకటిన్నర దెబ్బ గడిచాక, అంటే ఆరు మాత్రల తరువాత ఎత్తుకుంటుంది. త్యాగయ్య గారి కీర్తనలు చాలా వాటికి ఇదే ఎత్తుగడ. ఇప్పుడు పది మాత్రల ముక్కను మూడుసార్లు, మధ్యలో నాలుగేసి మాత్రల విరామంతో వాయిస్తే మొత్తం 38 మాత్రలు. తాళం మొదట ఆరంభిస్తే 32 దాటి ఆరు మాత్రలు, సరిగ్గా పాట ఎత్తుగడ దగ్గర ముక్తాయింపు ముగుస్తుంది. గాయకుడి నోట పల్లవి, మృదంగం చివరి దెబ్బ అతికినట్టు కలుస్తాయి. సభలో చప్పట్లు మోగేది ఇలాంటి చోటే.

అదే ముక్కను అదే చోట ఆరంభించి, మొదటి దెబ్బ మీదే ఎత్తుకునే పాటకు వాయిస్తే? ఆరు మాత్రలు దాటిపోతుంది. గాయకుడు తడబడతాడు, తాళం వేస్తున్న వారు తల ఎత్తి చూస్తారు. లెక్క తప్పలేదు, పాట తప్పింది. మణి అయ్యర్ గారి వంటి విద్వాంసులు కాగితం చూసుకుని వాయించలేదు. కచేరీలో గాయకుడు ఏ పాట పాడతాడో చాలాసార్లు ముందుగా చెప్పడు కూడా. రాగం వినగానే, మొదటి మాట పడగానే ఎత్తుగడ, నడక, సంగతుల వరుస అన్నీ మనసులో మెదలాలి. అందుకు కొన్ని వందల కీర్తనలు లోపల నిలిచి ఉండాలి.

ఆయనకు పాట మీద ఎంత పట్టు ఉండేదో చెప్పడానికి మరో నిదర్శనం కె.వి. నారాయణస్వామి గారు. పాలక్కాడుకే చెందిన ఈ యువ గాయకుణ్ణి మణి అయ్యర్ గారు తన దగ్గర ఉంచుకుని, దారి చూపించి, వయొలిన్ విద్వాంసులు పాపా వెంకటరామయ్య గారి దగ్గరా, తరువాత అరియక్కుడి వారి దగ్గరా చేరేలా చేశారు. నారాయణస్వామి గారు తరువాతి కాలంలో కర్ణాటక సంగీతంలో అగ్రశ్రేణి గాయకులయ్యారు. ఒక గాయకుణ్ణి గుర్తించి తీర్చిదిద్దే చూపు ఒక మృదంగ విద్వాంసుడికి ఉండటం విశేషం కాదూ! 1965లో ఎడింబరో ఉత్సవంలో నారాయణస్వామి గారు పాడగా, లాల్గుడి జయరామన్ గారు వయొలిన్ మీద, మణి అయ్యర్ గారు మృదంగం మీద సహకరించారు. మన కచేరీ పద్ధతిని పడమటి దేశాలవారు శ్రద్ధగా విన్న తొలి సందర్భాల్లో అది ఒకటి.

గౌరవాలు వాటంతట అవే వచ్చాయి. 1956లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1971లో పద్మభూషణ్ లభించాయి. అన్నిటికన్నా చెప్పుకోదగినది 1966 నాటి సంగీత కళానిధి బిరుదు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే ఈ బిరుదు అంతవరకు ఏ మృదంగ విద్వాంసుడికీ దక్కలేదు. పక్కన కూర్చునే వాద్యానికి ఆ రోజుతో నడుమ పీఠం దొరికినట్టయింది.

మహనీయుల జీవితం చెప్పుకునేటప్పుడు అంతా పూలబాటే అన్నట్టు చెప్పడం సరి కాదు. ఆయన పట్టుదల కలిగిన మనిషి. మైకు వల్ల మృదంగం అసలు నాదం చెడిపోతుందనీ, గాత్రానికీ వాద్యానికీ మధ్య తూకం పోతుందనీ ఆయన గట్టిగా నమ్మారు. కీర్తి శిఖరాన ఉన్న రోజుల్లోనే మైకు పెట్టిన కచేరీలకు వాయించడం మానేశారు. పెద్ద పెద్ద హాళ్ళు వచ్చిన కాలంలో అలాంటి నియమం పెట్టుకుంటే పిలుపులు తగ్గుతాయి, తగ్గాయి కూడా. ఆ నష్టాన్ని ఆయన భరించారు.

ఆ తరం విద్వాంసులు చాలామంది లాగే ఆయన కూడా ఎన్నో ఏళ్ళు గాయనీమణులకు వాయించలేదు. ఈనాటి మన కంటికి అది మెచ్చదగిన నియమం కాదు. ఆయన కుమార్తె లలిత గారిని డి.కె. పట్టమ్మాళ్ గారి కుమారుడు శివకుమార్ గారికి ఇచ్చి వివాహం చేశాక, వియ్యపురాలైన పట్టమ్మాళ్ గారికి ఆయన మృదంగం వాయించారు. ఆ గోడ అలా ఒక ఇంటి బంధుత్వంతో కూలింది. ఈ ఇద్దరు మహానుభావుల మనుమరాలే గాయని నిత్యశ్రీ మహదేవన్ గారు. ఆడపిల్లలకు మృదంగం ఎందుకు అని మనలో ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, విజయవాడ మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చిన సంగతి గుర్తుచేయాలి.

మణి అయ్యర్ గారి నాదం వెనుక మరొకరి చేతులు కూడా ఉన్నాయి. తంజావూరుకు చెందిన పర్లాందు గారు ఆయనకు మృదంగాలు చేసిపెట్టేవారు. పనస చెక్కను ఎన్నుకోవడం, తోళ్ళు ఎంచి మూతలు కట్టడం, కుడి మూత మధ్య నల్లటి పూతను పొర మీద పొరగా అద్ది రుద్దడం, ఇదంతా ఓ పెద్ద విద్య. ఎలాంటి నాదం కావాలో విద్వాంసుడు చెబితే, దాన్ని తోలులోనుంచి రప్పించవలసింది చేసేవారే. సమాజం అంటరానివారిగా చూసిన కుటుంబాల నుంచి వచ్చిన ఈ పనివారి పేర్లు చాలాకాలం వేదిక మీద వినబడలేదు. 2020లో గాయకులు టి.ఎం. కృష్ణ గారు వారి మీద ఒక పుస్తకమే రాయడంతో ఎక్కువమందికి తెలిశాయి. మన ఇళ్ళలో మృదంగానికి పూజ చేసేటప్పుడు దాన్ని చేసిన చేతులకు కూడా ఒక నమస్కారం చెందాలని మేము భావిస్తాం.

ఈ ఊళ్ళలో మృదంగం ఉంచుకున్నవారికి ఆ పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. రియాద్ పొడి గాలికి తోలు బిగుసుకుని శ్రుతి పెరిగిపోతుంది, నల్లటి పూత బీటలు వారుతుంది. జెద్దా, దమ్మామ్ ఉక్కపోతకు అదే తోలు సాగి నాదం మందగిస్తుంది. మూత పాడైతే బాగుచేసేవారు వీధి చివర దొరకరు, సెలవుల్లో ఇండియాకు మోసుకెళ్ళవలసిందే. ఏసీ గాలి నేరుగా తగలకుండా, మెత్తటి గుడ్డ సంచిలో పెట్టి, ఎడమ మూతకు అంటించిన రవ్వ ముద్దను వాయించడం అయ్యాక శుభ్రంగా తీసేస్తే కొంత మేలు.

మణి అయ్యర్ గారి చివరి దశలో మన తెలుగునేలకు ఆయనతో ఒక అనుబంధం ఏర్పడింది. చిత్తూరు సీమలో, మదనపల్లె దగ్గరి కొండల నడుమ, జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల ఉంది. సభలూ సన్మానాలూ దాటి వచ్చిన ఆ మహా విద్వాంసులు అక్కడ పిల్లలకు మృదంగం నేర్పుతూ గడిపారు. పాల్ఘాట్ రఘు, ఉమయాళ్‌పురం శివరామన్ వంటి ఉద్దండులైన శిష్యులు ఉన్నవారు, అప్పుడే చేయి పెట్టిన చిన్నపిల్లల ముందు కూడా కూర్చున్నారు. 1981 మే 30న ఆయన పరమపదించారు. అప్పటికి ఆయన వయసు 68 సంవత్సరాలు. ఆయన వెళ్ళిపోయి నాలుగు దశాబ్దాలు దాటినా పాత రికార్డింగులు వింటూ ఆయన చేతిని పట్టుకోవాలని ప్రయత్నించేవారు ఈనాటికీ ఉన్నారు.

ఆయన జీవితం నుంచి మన పిల్లలు తీసుకోగల పాఠం ఒకటే. మృదంగం మీద పాట నిలవాలంటే ముందు అది నోట నిలవాలి. ఒక కీర్తన ఎంచుకున్నాక మృదంగం పక్కన పెట్టి, వారం రోజులు దాన్ని తాళం వేస్తూ పాడాలి. గొంతు బాగుండకపోయినా పరవాలేదు, ఇక్కడ కావలసింది గొంతు కాదు. తాళంలో ఏ దెబ్బ దగ్గర పాట ఎత్తుకుంటోంది, ఏ మాట దగ్గర వాక్యం ఆగుతోంది, పల్లవికి సంగతులు ఎన్ని, ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలగాలి. ఆ తరువాత మనసులో పాట నడుస్తుండగా నోటితో జతులు చెప్పాలి. చేతులు మృదంగం మీద పెట్టడం అన్నిటికన్నా చివర. ఇలా నెలకు ఒక కీర్తన చొప్పున నేర్చినా ఏడాదికి పన్నెండు. పదేళ్ళు నిండేసరికి నూట ఇరవై పాటలు ఆ పిల్లవాడి లోపల ఉంటాయి.

ఇందులో ఇంటివారి పని కూడా ఉంది. ఇంటర్నెట్ మీద గురువు చేయలేని పనిని ఇంట్లో వారే చేయాలి. అమ్మగానీ నాన్నగానీ, సెలవుకు వచ్చిన అమ్మమ్మగానీ నాయనమ్మగానీ, పిల్లవాడి ఎదురుగా కూర్చుని పాడాలి. పక్కవాద్యం అనే మాటలోనే పక్కన ఒక మనిషి ఉండాలన్న అర్థం ఉంది. శుక్ర, శనివారాల్లో అరగంట చాలు. ఆ అరగంటలో పిల్లవాడికి మృదంగంతో పాటు తెలుగు మాట కూడా చేరుతుంది. ఈ మాటకు అర్థం ఏమిటని వాడు అడుగుతాడు, మనం చెబుతాం. బడిలో తెలుగు లేని ఊళ్ళో పెరుగుతున్న పిల్లలకు ఇది చిన్న లాభం కాదు.

ఈ విజయదశమి మరునాడు అమ్మవారి ముందునుంచి మృదంగం తీసి పిల్లలకు అందించేటప్పుడు, ముందుగా వారి చేత ఒక కీర్తన పాడించండి. ఇంట్లో పెద్దవారు తాళం వేయండి. వచ్చే పండుగకు మనమంతా కలిసినప్పుడు ఆ కీర్తనను ఎవరో ఒకరు అందుకుంటారు. అప్పుడు మృదంగం కూడా అందుకోవాలని, ఆ నాదంలో పాట వినిపించాలని కోరుకుంటున్నాం.